కార్డు పోయిందని చెప్పే ముందు వేడి ఎంతుందో చూడండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

నేను తిరుపతి కొర్లగుంటలో పదహారేళ్లుగా పెళ్ళి ఆల్బములు, పెళ్ళి వీడియోలు తయారుచేస్తూ జీవనం సాగిస్తున్నాను. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరు నెమ్మదించిందని బాగుచేయించడానికి తీసుకువెళ్తే ఏమీ కొలవకుండానే ‘కార్డు పోయింది’ అని తేల్చేయడం, మనం ఆ మాట నమ్మి పాతిక ముప్పై వేలు పోసి కొత్తది కొనుక్కోవడం మన ఊళ్లో మామూలైపోయింది. 2025 మే నెలలో ఆ మాట నేనూ విన్నాను. మా కార్డుకు ఏమీ కాలేదని రుజువు చేసుకోవడానికి మాకు పట్టింది రెండు సాయంత్రాలు, అయిన ఖర్చు ఏడువందల రూపాయల లోపు. ఇదే ఇబ్బంది పడుతున్నవాళ్లు ఈ జిల్లాలో చాలామంది ఉంటారు కనుక, జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

మా కంప్యూటరును 2022 దీపావళికి విడిభాగాలు కొని కట్టించాము. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, రైజెన్ 5 5600 ప్రాసెసరు, ఎనిమిదేసి జీబీల ర్యామ్ (పని నడిచేటప్పుడు కంప్యూటరు వాడుకునే మెమరీ) ముక్కలు రెండు. కార్డు ఒక్కదానికే అప్పట్లో 32 వేలు పెట్టాను. పగలంతా దాని మీద నేను వీడియోలు కత్తిరించుకుని, రంగులు సరిచేసుకుంటాను. రాత్రి తొమ్మిది దాటాక పాలిటెక్నిక్ చదువుతున్న మా అబ్బాయి దాని మీదే కార్ల రేసు ఆడుకుంటాడు. దీన్ని అందరూ ‘గేమింగ్ పీసీ’ అంటారు. ఆ పేరు వల్లనే కాబోలు, దీనికి ఏదైనా వస్తే పిల్లల ఆటవస్తువు చెడినట్టుగా మాట్లాడతారు. రాత్రి ఆట ఆడించే ఆ కార్డే పగలు మా ఇంటికి బియ్యం తెచ్చిపెడుతోంది. మన ఊళ్లో ఇళ్ల నమూనాలు గీసేవాళ్లు, యానిమేషన్ నేర్చుకునే పిల్లలు, స్టూడియోలవాళ్లు అందరూ ఇటువంటి యంత్రాల మీదే ఆధారపడి ఉన్నారు.

తేడాను మొదట పసిగట్టింది మా అబ్బాయే. ఉగాది దాటిన తరువాత ఒక రాత్రి, ‘నాన్నా, మొదటి పది నిమిషాలు బాగానే ఉంటోంది, ఆ తరువాత బండి ఈడ్చుకుపోతున్నట్టు ఉంటోంది’ అన్నాడు. నేను పట్టించుకోలేదు. వైశాఖ ముహూర్తాలు మొదలై పని మీద పడ్డాక నాకూ తెలిసివచ్చింది. పద్దెనిమిది నిమిషాల్లో తయారయ్యే హైలైట్స్ వీడియోకు ఇరవై ఏడు నిమిషాలు పడుతోంది. పొద్దున్నే ఆరు గంటలకు పెడితే అదే వీడియో ఇరవై నిమిషాల్లో అయిపోతోంది. మధ్యాహ్నం రెండు గంటలకు పెడితే మళ్ళీ నత్తనడక. ఈ చివరి సంగతిలోనే జవాబంతా ఉంది. ఆ రోజున అది మాకు తట్టలేదు.

ఊళ్లోనే ఒక దుకాణానికి తీసుకువెళ్లి ఇచ్చాను. దాని పేరు రాయను; ఒక దుకాణాన్ని రచ్చకీడ్చడానికి ఈ లేఖ రాయడం లేదు. రెండు రోజులు ఉంచుకున్నారు. మూడో రోజున వెళ్తే అక్కడి కుర్రవాడు, ‘కార్డు పోయిందన్నా, మార్చుకోవాల్సిందే’ అన్నాడు. ఏ పరీక్ష చేశారని అడిగితే కార్డులోని మెమరీ బలహీనపడిందన్నాడు. దాన్ని ఎలా తెలుసుకున్నారో చెప్పలేదు. కొత్త కార్డుకు 31 వేలు, పాతదాన్ని వదిలేస్తే అందులో 6 వేలు తగ్గిస్తామన్నారు. చూసినందుకు 500 రూపాయలు తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వలేదు. ముహూర్తాల నడుమ పని ఆగిపోతుందన్న భయంతో ఆ రోజు నేను డబ్బు సర్దుకోవడానికి సిద్ధపడ్డాను కూడా. మా అబ్బాయి పట్టుబట్టి ఆపాడు. ‘ఒక్క ఆదివారం ఆగు నాన్నా, మనమే చూద్దాం’ అన్నాడు.

ఇంటికి తెచ్చి ఆన్ చేయగానే ఒక వింత కనిపించింది. తెర మూలన తారీఖు ఏళ్ల వెనక్కు పోయి ఉంది. పైగా ఆట ఇదివరకటికన్నా ఇంకా మందగించింది. ఈ రెంటినీ పక్కన రాసిపెట్టుకుని, ఆ ఆదివారం సాయంత్రం పరీక్షకు కూర్చున్నాము.

మా పద్ధతిని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరైనా చేసుకోగలిగినదే. ఆల్బముల ఆర్డరు పుస్తకంలో చివరి పేజీ తీసి నాలుగు గళ్లు గీశాము: సమయం, కార్డు వేడి, కార్డు వేగం, ఫ్రేములు. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము కార్డు లోపలి కొలతలన్నింటినీ సెకను సెకనుకూ చూపిస్తుంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనేది ఆ అంకెలను ఆట మీదనే ఒక మూలన చూపిస్తుంది. ఆటలోనే ఒక పరీక్ష పరుగు ఉంటుంది, ప్రతిసారీ అదే దారి, అవే కార్లు, అదే వాన. దానినే మళ్ళీ మళ్ళీ నడిపించాము. ఈ రోజు ఒక చోట, రేపు మరో చోట ఆడి ‘తగ్గినట్టుంది’ అనుకుంటే ఏమీ తేలదు. ఒకే సన్నివేశాన్ని, ఒకే సెట్టింగులతో, కార్డు చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పావుగంట కాగిన తరువాత మరొకసారి పోల్చి చూస్తేనే తేడా లెక్కకు వస్తుంది.

ఫ్రేము అన్న మాట తెలియని పాఠకులకు ఒక్క మాట. పెళ్ళి వీడియోలో సెకనుకు 25 బొమ్మలు కదులుతాయి. వాటిని ముందే తయారుచేసి పెట్టుకుంటాము కనుక టీవీకి శ్రమ లేదు. ఆటలో అలా కాదు. మన చేయి ఎటు తిప్పితే అటు కొత్త బొమ్మను కార్డు అప్పటికప్పుడు గీయాలి. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కోదానికి దొరికే గడువు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. కార్డు ఏమాత్రం అలసినా ఆ గడువు తప్పుతుంది, కళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

మొదటి పరుగులో కార్డు వేగం 1890 మెగాహెర్ట్జ్ ఉంది. అయిదో నిమిషానికి వేడి 78 డిగ్రీలు. పదకొండో నిమిషానికి 83కు చేరి అక్కడే నిలిచిపోయింది, ఒక్క డిగ్రీ కూడా పైకి పోలేదు. అది చూసి నేను వేడి అదుపులోనే ఉందనుకున్నాను. పక్క గడి చూడమన్నాడు మా వాడు. వేడి నిలిచిన క్షణం నుంచి వేగం పడిపోవడం మొదలైంది: 1800, 1650, 1500, చివరికి 1350. కార్డుకు తయారీదారు పెట్టిన వేడి హద్దు 83 డిగ్రీలు. ఆ హద్దు తగలగానే కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని మెట్టు మెట్టుగా దించుకుంటుంది. ఈ కార్డు మామూలు కనీస వేగం 1320, తయారీదారు చెప్పే పై వేగం 1777. మా కార్డు చల్లగా ఉన్నప్పుడు అంతకుమించే పరుగెత్తుతుంది, వేడెక్కితే అడుగుకు దిగిపోతోంది. జీపీయూ-జెడ్‌లో వేగం ఎందుకు ఆగిందో చెప్పే వరుస ఒకటి ఉంటుంది. అక్కడ ‘థర్మ్’ అని పడింది. అంటే వేడి వల్లనేనని కార్డే స్వయంగా చెబుతోంది. దుకాణంలో ఈ ఒక్క వరుస చూసి ఉంటే రెండు రోజులు కాదు, పావుగంట చాలేది.

అయినా అంతటితో నమ్మలేదు. క్యాబినెట్ పక్క రేకును విప్పి, ఇంట్లోని టేబుల్ ఫ్యానును దానికి ఎదురుగా పెట్టి అదే పరుగు మళ్ళీ నడిపించాము. వేడి 74 దగ్గర ఆగింది, వేగం 1830 కన్నా కిందికి పడలేదు. ఇక సందేహం ఏముంది? చెడిపోయిన కార్డును టేబుల్ ఫ్యాను బాగుచేయలేదు. మెమరీ దెబ్బతిన్న కార్డు సాధారణంగా తెర మీద అడ్డదిడ్డమైన గీతలు, రంగుల చుక్కలు చూపిస్తుంది, లేదా నల్ల తెర పడి ఆట మధ్యలో ఆగిపోతుంది. పొద్దున చురుగ్గా, మధ్యాహ్నం మందంగా నడవడం దాని లక్షణం కాదు. ఈ పక్క రేకు పరీక్షకు పైసా ఖర్చు లేదు, స్క్రూడ్రైవరు పట్టుకోవడం వస్తే చాలు. మీ పాఠకులు ఈ లేఖలో ఒక్కటే గుర్తుపెట్టుకోదలిస్తే దీన్ని గుర్తుపెట్టుకోమని నా కోరిక.

తరువాత కరెంటు తీసేసి, ప్లగ్గు పీకి, కార్డును బయటికి తీశాము. ఫ్యాన్ల రెక్కల వెనక, వేడిని లాగే అల్యూమినియం పలకల మధ్య, రూపాయి బిళ్ళంత మందాన బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉంది. గోటితో ఒక మూల లేపితే అది పొడిగా రాలలేదు. మెత్తని కంబళి ముక్కలా పొరగా ఊడి వచ్చింది. చేతిలోకి తీసుకుంటే జిడ్డు తగిలింది. సాంబ్రాణి వాసన వచ్చింది. మా పని గదిలో ప్రతి శుక్రవారం సాంబ్రాణి వేస్తాము, రోజూ అగరొత్తులు వెలిగిస్తాము. వీధి దుమ్ము ఒక్కటే అయితే ఊదితే పోయేది; పొగలోని జిడ్డు తోడై దాన్ని పలకలకు అతికించేసింది. పైగా క్యాబినెట్‌ను నేల మీద, వీధి గుమ్మానికి ఎదురుగా పెట్టుకున్నాము. దేవుడి గదిలో కాకుండా పని గదిలో పొగ వేయడం ఎప్పటి నుంచో మా అలవాటు. దాన్ని మానలేదు, కంప్యూటరును ఆ మూల నుంచి తీసి బల్ల మీదికి ఎక్కించాము.

శుభ్రం చేయడంలో కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. బ్లోయరుతో గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. పట్టుకోకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి ఇరుసు పాడవుతుంది. నోటితో ఊదకూడదు, తుంపర పడుతుంది. ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనరు గొట్టం లోపలికి పెట్టకూడదు, దాని నుంచి స్థిర విద్యుత్తు పుట్టి చిప్పులకు తగలవచ్చు. మేము మెత్తని పెయింటు కుంచెతో పలకల మధ్య జిడ్డును వదులు చేసి, ఆ తరువాత గాలి కొట్టాము. గంటన్నర పట్టింది.

కార్డును పూర్తిగా విప్పి లోపలి పేస్టు మార్చాలా అన్న ప్రశ్న వచ్చింది. కార్డు చిప్పుకూ, దాని మీద కూర్చునే లోహపు దిమ్మెకూ మధ్య వేడిని దాటించడానికి ఒక పేస్టు ఉంటుంది. ఏళ్లు గడిస్తే అది ఎండిపోయి పనిచేయదు. దీన్ని కూడా విప్పకుండానే తెలుసుకోవచ్చు. జీపీయూ-జెడ్‌లో చిప్పు వేడితోపాటు ‘హాట్‌స్పాట్’ అని మరో అంకె ఉంటుంది, అంటే చిప్పులో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు. ఈ రెండు అంకెల నడుమ పది పదిహేను డిగ్రీల తేడా మామూలే. ఇరవై దాటితే పేస్టును అనుమానించాలి. మాకు తేడా పన్నెండే ఉంది. అందువల్ల కార్డు జోలికి పోలేదు. స్క్రూ మీద వారంటీ స్టిక్కరు ఉండగా అవసరం లేకుండా చింపడం తెలివైన పని కాదు. ప్రాసెసరు సంగతి వేరు. అది 89 డిగ్రీలకు పోతోంది, దాని హద్దు 90. దాని మీది ఫ్యానును ఎత్తి చూస్తే పేస్టు ఆరిపోయిన గంధంలా పొడిపొడిగా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బఠానీ గింజంత కొత్త పేస్టు పెట్టి బిగించాము. అది 74కు దిగింది. మొత్తం ఖర్చు ఆ పేస్టు, ఆల్కహాలు, కుంచె మాత్రమే.

కార్డు ఇప్పుడు అరగంట ఆడినా 73 దాటడం లేదు, వేగం 1875 దగ్గర నిలుస్తోంది. అయినా ఫ్రేములు మునుపటి 96కు రాలేదు, 84 దగ్గరే ఆగాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆ తప్పు తారీఖు. మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీని తీసి పెడితే, విండోస్ కన్నా ముందు యంత్రాన్ని మేల్కొలిపే బయోస్‌లోని అమరికలన్నీ చెరిగిపోయి తారీఖు కూడా వెనక్కు పోతుంది. దుకాణంలో ఆ పని చేసి ఉంటారు. అది తప్పేమీ కాదు, పరీక్షలో భాగంగా చేస్తారు. చేశాక తిరిగి అమర్చకపోవడమే తప్పు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే 3200 వేగంతో నడవవలసిన ర్యామ్ 2133తో నడుస్తోంది. ఈ ప్రాసెసర్లకు ర్యామ్ వేగం ప్రాణం లాంటిది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎమ్‌పీ అన్న ఒక్క వరుసను, అంటే ర్యామ్‌ను దాని అసలు వేగానికి తెచ్చే అమరికను, ఆన్ చేసి, ప్రొఫైలు ఎంచుకుని బయటికి వచ్చాము. ఫ్రేములు 95. హైలైట్స్ వీడియో మళ్ళీ పద్దెనిమిది నిమిషాల్లో వచ్చింది. ఆ సాయంత్రం మా అబ్బాయి ముఖం చూసి నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఆట బాగుపడినందుకు కాదు, ఓపికగా అంకెలు రాసుకుని, ఒక్కో కారణాన్నీ పరీక్షించి తీసేస్తూ నిజం దగ్గరికి వెళ్లే పద్ధతి వాడికి చేతికి వచ్చినందుకు.

దుమ్ము రెండున్నరేళ్లుగా పేరుకుంటూ ఉంటే చలికాలంలో ఎందుకు తెలియలేదని ఒక మిత్రుడు అడిగారు. మంచి ప్రశ్న. ఫ్యాను గదిలోని గాలినే లోపలికి తీసుకుంటుంది కనుక కార్డు గది కన్నా చల్లబడలేదు. గది పది డిగ్రీలు వేడెక్కితే కార్డు కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. మార్గశిరంలో మా మిద్దె గది 26 డిగ్రీలు ఉంటుంది. కత్తిరి ఎండల్లో బయట 40 దాటినప్పుడు అదే గది 38కి పోతుంది. చలికాలంలో 72 దగ్గర హాయిగా నడిచిన కార్డు వేసవిలో హద్దును తాకడానికి ఈ పన్నెండు డిగ్రీలు చాలు. పైన పగలంతా ఎండకు కాగే స్లాబు ఉన్న గదిలో రాత్రి తొమ్మిదికి కూడా వేడి దిగదు. కొండ కింద గాలి ఆడని ఈ ఊళ్లో చలిదేశాల కోసం రాసిన సలహాలను చదివి సంతృప్తి పడితే సరిపోదు.

అన్ని కంప్యూటర్లకూ కారణం వేడే అని నేను అనడం లేదు. మా సంగతి తెలిశాక చుట్టుపక్కలవాళ్లు నలుగురైదుగురు తమవి చూడమని తెచ్చారు. ఒకరిది ఇల్లు మారినప్పుడు మానిటరు తీగను కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు తగిలించారు. కార్డు ఖాళీగా కూర్చుని ఉంది. మరొకరి మానిటరు సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగలిగినదే, విండోస్‌లో మాత్రం 60కి అమరి ఉంది. ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడుతోంది, గాలి తీసుకునే కిటికీలన్నీ మూసుకుపోయాయి. ఇంకొకరిది నాలుగు జీబీల పాత కార్డు. అందులో లోపమేమీ లేదు, కొత్త ఆట బొమ్మలకే ఆ మెమరీ చాలడం లేదు, బొమ్మల నాణ్యతను ఒక మెట్టు దించితే సాఫీగా నడిచింది. విండోస్ అప్‌డేట్ తరువాత డ్రైవరు (కార్డును విండోస్‌తో కలిపే ప్రోగ్రాము) గందరగోళమై నెమ్మదించేవీ ఉంటాయి, పాత డ్రైవరును పూర్తిగా తీసేసి కొత్తది వేస్తే తీరుతుంది. నిజంగా చెడిపోయిన కార్డులు కూడా ఉంటాయి. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే డిజిటల్ నాణెం తన పద్ధతి మార్చుకున్న తరువాత, అంతవరకు రాత్రింబగళ్లు క్రిప్టో తవ్వకంలో, అంటే అలాంటి నాణేల కోసం లెక్కలు కట్టడంలో, నలిగిన కార్డులు సెకండ్‌హ్యాండ్ బజారులోకి చాలా వచ్చాయి; అలాంటివి కొనేవాళ్లు పావుగంట ఆడించి, వేడి చూసి, ఆ తరువాతే డబ్బు ఇవ్వాలి.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం చెబుతాను. మా కార్డుకు మూడేళ్ల వారంటీ ఉంది. 2022 అక్టోబరులో కొన్నది కనుక 2025 అక్టోబరు దాకా గడువు ఉంది. అంటే దుకాణంవారు చెప్పినట్టు అది నిజంగానే పోయి ఉంటే నాకు 31 వేల ఖర్చే లేదు, తయారీదారు బాగుచేసో మార్చో ఇవ్వాలి. ఎప్పుడు కొన్నారు, బిల్లు ఉందా అని వాళ్లు ఒక్క మాట అడగలేదు. పాతది 6 వేలకు వదిలేయమన్నారు. పనిచేసే కార్డును, వారంటీ ఉన్న కార్డును, చేతులారా వదిలేసి వచ్చేవాణ్ణి. మోసం చేయాలన్న ఉద్దేశం వాళ్లకు ఉందని నేను అనలేను. రోజుకు ఇరవై ముప్పై యంత్రాలు గుట్టపడే ఇరుకు గదిలో, చాలీచాలని జీతానికి పనిచేసే కుర్రవాళ్లకు ఒక్కోదాని ముందు గంట కూర్చుని కొలిచే తీరిక ఎక్కడిది? భాగం మార్చేస్తే పని పదినిమిషాల్లో అయిపోతుంది. దాని మూల్యం మాత్రం మనం చెల్లిస్తున్నాము.

మన తప్పు కూడా ఉంది. కొత్త కార్డుకు 31 వేలు ఇవ్వడానికి అప్పు చేస్తాము. శుభ్రం చేసి, కొలిచి, కారణం చెప్పినందుకు 800 రూపాయలు అడిగితే ‘దుమ్ము దులిపినందుకు ఇంతా’ అని బేరమాడతాము. నిపుణుడి ఆలోచనకు విలువ కట్టకుండా వస్తువుకే కడుతున్నంత కాలం దుకాణంవాడు వస్తువునే అమ్ముతాడు. నా మటుకు నేను, కొలతలు రాసి ఇచ్చే దుకాణం ఉంటే వెయ్యి రూపాయలు సంతోషంగా ఇస్తాను.

అందుకే నా విన్నపం ఇది. బాగుచేసే దుకాణాలవారు యంత్రాన్ని తీసుకునేటప్పుడు పావుగంట నడిపించి కార్డు వేడి, వేగం, ఫ్యాన్ల తిరుగుడు, ర్యామ్ వేగం ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. తిరిగి ఇచ్చేటప్పుడు మళ్ళీ అవే కొలతలు పక్కన రాయాలి. రక్తపరీక్ష చేయించుకుంటే కాగితం ఇస్తారు, కారు సర్వీసింగుకు ఇస్తే ఏమేమి చేశారో పట్టీ ఇస్తారు. లక్ష రూపాయల కంప్యూటరుకు నోటిమాట ఎందుకు? వారంటీ ఉందేమో ముందుగా అడగాలి. భాగం మార్చితే పాతదాన్ని వినియోగదారుడికి చూపించి, అతను వద్దంటేనే ఉంచుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మిన వస్తువుకే కాక చేసిన సేవకు కూడా బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. 2020 జూలై నుంచి అది అమలులో ఉంది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు. నేను 500 రూపాయలకు రసీదు అడిగి ఉండవలసింది. ఈసారి తప్పక అడుగుతాను.

మరొక విన్నపం మన పాలిటెక్నిక్‌లకు, ఐటీఐలకు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వెలసిన ఊరు ఇది. 2015 నుంచి ఐఐటీ, ఐసర్ అనే విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ కూడా మన జిల్లాకు వచ్చాయి. చదువుల ఊరని పేరున్న చోట కంప్యూటరు భాగాలు బిగించడం నేర్పితే చాలదు, నెమ్మదించిన యంత్రం ముందు కూర్చుని కారణాన్ని వరుసగా వెతకడం కూడా నేర్పాలి. అందుకు ప్రత్యేకమైన ప్రయోగశాల అక్కరలేదు. పాత కంప్యూటరు ఒకటి, నేను పైన చెప్పిన ఉచిత ప్రోగ్రాములు, ఒక టేబుల్ ఫ్యాను ఉంటే ఒక పూట పాఠం అవుతుంది. ఆ పిల్లలే రేపు దుకాణాల్లో కూర్చుంటారు. పారేసిన కార్డు చివరికి చెత్తలో చేరుతుంది. ఈ-వ్యర్థాల కోసం 2023 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధనలు అమలవుతున్నాయి గానీ, బాగున్న కార్డును పారేయకుండా ఆపగలిగేది దాన్ని చేతిలోకి తీసుకున్న మొదటి మనిషే.

వేసవి వస్తే ఫ్రిజ్‌లు, ఏసీలు ఎలా చూసుకోవాలో మీ పత్రిక ఏటా రాస్తుంది. వచ్చే ఫాల్గుణంలో, ఎండలు ముదరకముందే, కంప్యూటర్ల గురించి కూడా ఒక అరపేజీ వేయవలసిందిగా కోరుతున్నాను. మేము ఆర్డరు పుస్తకంలో రాసుకున్న కొలతల పేజీ నకలును ఈ లేఖకు జతచేస్తున్నాను. శుభ్రం చేయడానికి ముందువి ఎడమ వైపు, తరువాతవి కుడి వైపు ఉన్నాయి. చేతిరాత మా అబ్బాయిది. చోటు ఉంటే దానిని కూడా ప్రచురించండి.

భవదీయుడు,
పెళ్ళి ఆల్బముల డిజైనరు,
కొర్లగుంట, తిరుపతి.